గడ్డం కింద వేలు

ఫోన్ వచ్చినప్పుడు నేను షాపులో ఎవరిదో ఆధార్ కార్డు లామినేషన్ చేస్తున్నాను. అశ్వారావుపేట బస్టాండ్ దగ్గర నాదొక చిన్న జిరాక్స్ షాపు. ఫోన్ చేసింది టీచరమ్మ తమ్ముడు. అక్క పొద్దున పోయిందండీ అన్నాడు, అంతే. ఈలోగా కార్డు మెషిన్‌లో ఇరుక్కుని ముడుచుకుపోయింది. కార్డు తెచ్చినాయన నన్ను నానా మాటలూ అన్నాడు. మామూలుగా అయితే ఒకటంటే రెండు అనేదాన్ని. నా నోరు ఎలాంటిదో ఆ బజారంతటికీ తెలుసు. ఆ రోజు ఆయన అరుస్తుంటే వింటూ నిలబడ్డాను.

ఏడుపు రాలేదు. భయం వేసింది. ఈ మాట పద్మకు ఎట్లా చెప్పాలి?

పద్మ నా చెల్లెలు. పుట్టగానే ఏడవలేదట. మంత్రసాని కాళ్లు పట్టి తలకిందులు చేసి తడితే ఎప్పటికో కెవ్వుమందని అమ్మ చెప్పేది. నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం. బడిలో చేర్చుకున్నారు గానీ వెనక గోడకు ఆనించి కూర్చోబెట్టారు. దమ్మపేట దాటి లోపలికి పోతే అడవి అంచున ఉంటుంది మా ఊరు. ఒక పక్క పామాయిల్ తోటలు, ఇంకో పక్క టేకు, ఇప్ప చెట్లు. నాన్న తోటల్లో గెలలు కోసే కూలి. అమ్మ ఇప్పపువ్వు కాలంలో అడవికి, మిగతా కాలం కూలికి పోయేది. పద్మ ఎప్పుడూ నా చంకలో ఉండేది.

టీచరమ్మ అప్పుడు మా మండలానికి కొత్తగా వచ్చింది. చెవులు వినబడని పిల్లలు, చూపు ఆనని పిల్లలు, పద్మలాంటి పిల్లలు, వీళ్లందరికీ చదువు చెప్పే కాంట్రాక్టు టీచరు. సగం రోజులు మండల కేంద్రంలోని సెంటర్‌లో చెప్పేది, సగం రోజులు అక్కడికి రాలేని పిల్లల ఇళ్లకు తిరిగేది. మా ఊరి వంతు గురువారం.

ఆమె రావడమే ఒక గోల. ఊరి మొదట్లోనే స్కూటీని తిట్టడం వినబడేది. "నీ మొఖం మండ, ఈ ఒక్క గడ్డ ఎక్కితే అరిగిపోతవా" అని. ముదిగొండ వైపు మనిషి. గొంతు పెద్దది, మనిషి చిన్నది. హెల్మెట్ తీస్తే జుట్టంతా తలకు అంటుకుపోయి ఉండేది, దాన్ని వేళ్లతో పైకి లేపుకుంటూ లోపలికి వచ్చేది. మా ఇంట్లో ఏది పెట్టినా తినేది, తింటూ వంక పెట్టేది. మీ ఊరికి ఉప్పు రాదా అక్కా, లారీ రోడ్డు లేదా అని అమ్మను అడిగేది. అమ్మ ఆమె కోసం ఉప్పు ఎక్కువేసి వండితే, ఇంత ఉప్పేంది అనేది. అమ్మకు ఆ తగువంటే ఇష్టం. గురువారం వస్తుందంటే బుధవారం నుంచే ఏం కూర వండాలో ఆలోచించేది.

మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ కుర్చీ వేసింది. ఆమె కూర్చోలేదు. పద్మ మంచం కింద దూరింది. ఆమె మంచానికి కాస్త దూరంలో నేల మీద కూర్చుని, అరచెయ్యి పైకి పెట్టి చేతిని నేల మీద ఉంచింది. పద్మ వైపు చూడనే లేదు. అమ్మతో కోళ్ల గురించీ, నాన్న పని గురించీ మాట్లాడుతూనే ఉంది. నేనైతే ఈమె జీతం ఊరికే తింటోంది అనుకున్నాను. చాలాసేపటికి మంచం కింద నుంచి పద్మ చెయ్యి వచ్చింది. ఆ అరచేతిలో ఒక చింతపిక్క పెట్టి మళ్లీ లోపలికి పోయింది.

"ఇగో, ఇట్లనే," అంది టీచరమ్మ. ఆమె మెచ్చుకోలు అంతే. వెరీగుడ్ అనగా, చప్పట్లు కొట్టగా నేనెప్పుడూ చూడలేదు.

బొమ్మలు తెచ్చేది కాదు. సెంటర్‌లో రంగురంగుల సామాను ఉందని విని, మాకు తేలేదేమని నేనే అడిగాను. మీ ఇంట్ల లేనిదాంతో నేర్పితే నేను పోయినంక దేంతో ఆడుకుంటది అంది. పచ్చిమిరపకాయలూ పండుమిరపకాయలూ కలిపి పోసి వేరు చేయించేది. నాన్న పాత చొక్కాకు గుండీలు పెట్టించేది, తీయించేది. ముట్టుకునే ముందు పద్మను అడిగేది, పట్టుకోనా అని. పద్మకు ఆ మాట అర్థమవుతుందో లేదో మాకు తెలియదు, ఆమె మాత్రం అడిగి కాసేపు ఆగేది. దారిన పోయేవాళ్లు ఎవరైనా పిచ్చిపిల్ల ఎట్లున్నది అంటే వెనక్కి తిరిగి, దానికి పేరున్నది, పద్మ అంట అనేది. ఊళ్లో కొందరికి ఆమె అంటే పడేది కాదు.

పద్మకు అప్పటికి మాటలు లేవని కాదు. విన్న మాట విన్నట్టు తిరిగి అనేది. అన్నం తిన్నవా అంటే, అన్నం తిన్నవా అనేది. పేరేంది అంటే, పేరేంది అనేది. ఊరి పిల్లలకు అదొక ఆట. కావాలని బూతులు అని, తిరిగి అనిపించి, పడీపడీ నవ్వేవాళ్లు. నేను రాళ్లు తీసుకుని వాళ్ల వెంట పడేదాన్ని. నాకీ నోరు అక్కడే వచ్చింది.

దీనికి మాటున్నది అక్కా, ఆగుడే రాదు, ఆగుడు నేర్పితే మాట దానంతట అదే వస్తది అని టీచరమ్మ అమ్మకు చెప్పింది.

ఆ ఆగడం నేర్పడానికి ఆమెకో పద్ధతి ఉంది. పద్మకు ఎదురుగా కూర్చుని, తన పెదవుల మీద చూపుడువేలు నిలువుగా పెట్టుకునేది. నోరు మూసుకోమని కాదు, ఆగు అని. వేలు అట్లాగే ఉంచి, పేరేంది అని మెల్లగా అడిగేది. పద్మ తిరిగి అనబోతే తల అడ్డంగా ఊపేది, వేలు తీసేది కాదు. పద్మ నోరు సర్దుకునేదాకా ఉండి, అప్పుడు వేలు తీసి పద్మ గడ్డం కింద పెట్టి కొంచెం పైకెత్తేది. ఇక నీ వంతు అని. మొదట్లో ఆమే పద్మ, పద్మ అని అందించేది. తర్వాత అందించడం మానేసి ఊరికే చూస్తూ కూర్చునేది.

"ఆగు. వస్తది." ఇది ఆమె నోట్లో ఎప్పుడూ ఉండే మాట. పద్మతో అనేది, అమ్మతో అనేది, లెక్క తెగక నేను ఏడుస్తుంటే నాతో అనేది, మొరాయించిన స్కూటీతో కూడా అనేది.

ఎన్ని గురువారాలు పోయాయో. ఒక వానరోజు, ఆమె గడ్డం కింద వేలు పెట్టగానే పద్మ, "పమ్మ" అంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. మళ్లీ అడగమంది. మళ్లీ పమ్మ. ఆ రోజు మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ పెదవుల మీద వేలు పెట్టుకుని, గడ్డం పట్టుకుని, పేరు అడిగారు. పద్మ ఎవరినీ నిరాశపరచలేదు. నాన్న పని నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా దాని ముందు కూర్చున్నాడు. మేమంతా పమ్మ అని పిలవడం మొదలుపెడితే టీచరమ్మ కసిరింది. అది ఎట్లన్నా అనుకోనీ, మీరు మాత్రం పద్మ అనే పిలవాలె అంది.

ఆ ఏడాది పద్మకు చాలా మాటలు వచ్చాయి. నీళ్లు, అక్క, వద్దు, రా. దేనికైనా ముందు పెదవుల మీద వేలు, తర్వాత గడ్డం కింద వేలు.

అప్పుడే నాన్నకు దెబ్బ తగిలింది. ఎత్తుచెట్టు మీది గెల కోస్తుంటే అది జారి మెడ మీద, వీపు మీద పడింది. ప్రాణం దక్కింది గానీ మంచం మీద నుంచి లేవలేకపోయాడు. ఇల్లు గడవడం అమ్మ ఒక్కదాని మీద పడింది. నన్ను చదువు మాన్పించి తోటపనికి పంపుదామని మాటలు వచ్చాయి. అదే సమయంలో పెద్ద దవాఖానాలో వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపు అన్నారు. పర్సెంటేజీ సరిపడా రాస్తే పద్మకు పింఛను వస్తుంది, తక్కువ రాస్తే రాదు. పక్క ఊరి పిల్లవాడు డాక్టర్ అడిగినదానికి టకటకా జవాబు చెప్తే తక్కువ రాశారని అమ్మకు ఎవరో చెప్పారు.

ఆ గురువారం అమ్మ కూర వండలేదు. టీచరమ్మ ముందు కూర్చుని, తల దించుకుని అడిగింది.

"టీచరమ్మా, ఆ డాక్టరు ముందు ఇది మాట్లాడితే మాకు ఇయ్యరంట. ఆ ఒక్క రోజు మాట్లాడకుండ చూడవా. నీ మాట తప్ప ఇది ఎవరి మాటా వినది."

టీచరమ్మ లేచి బయటికి పోయింది. హెల్మెట్ పెట్టుకుంది. స్కూటీ స్టార్ట్ చేసింది. అట్లాగే దాని మీద కూర్చుని ఉండిపోయింది. లోపల మంచం మీద నాన్న దగ్గు వినబడుతోంది. కాసేపటికి బండి ఆపేసి వచ్చింది.

"ఎప్పుడంట క్యాంపు?" అంది.

బస్సులో మాతో పాటే వచ్చింది. దారిలో కండక్టర్ చిల్లర ఇవ్వకపోయినా తగువు పెట్టుకోలేదు. దవాఖానా వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. మా వంతు దగ్గరికి వచ్చేసరికి ఆమె గోడ పక్కన పద్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పద్మా, ఇయ్యాల మనం ఆగుదాం అంది. పెదవుల మీద వేలు పెట్టుకుంది. పద్మ నవ్వి, తన పెదవుల మీద తనూ వేలు పెట్టుకుంది. అది ఆట అనుకుంది.

డాక్టర్ పెద్దాయన, మంచివాడే. అలసిపోయి ఉన్నాడు, అయినా విసుక్కోలేదు. పేరేంది తల్లీ అని పద్మనే అడిగాడు. పద్మ ఆగింది. ఆ మాట తిరిగి అనలేదు, జవాబూ చెప్పలేదు. రెండేళ్ల చదువు ఆ గదిలో అట్లా పనికొచ్చింది. ఇంకేదో అడిగాడు, పద్మ ఆగే ఉంది. అప్పుడాయన నోరు, గొంతు చూద్దామనుకున్నాడో ఏమో, ముందుకు వంగి పద్మ గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తాడు.

పద్మ మొహం వెలిగిపోయింది. ఇంతసేపూ అది దానికోసమే చూస్తోంది. నోరు తెరిచింది. "ప" అనడం నాకు వినబడింది.

డాక్టర్ వెనక నిలబడి ఉన్న టీచరమ్మ గబుక్కున వేలెత్తి పెదవుల మీద పెట్టుకుంది.

పద్మ ఆమెను చూసింది. గడ్డం కింద డాక్టర్ వేలు ఇంకా ఉంది. అటు చూసింది, ఇటు చూసింది. నోరు మూసుకుంది. డాక్టర్ ఏదో రాసుకున్నాడు. నేను సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాను. అప్పుడు నాకు కలిగింది సంతోషమే. గండం గడిచింది అనుకున్నాను.

బయటికి రాగానే టీచరమ్మ పద్మకు అరటిపండు ఒలిచి ఇచ్చింది. తిన్నాక ఎదురుగా కూర్చుని, పేరేంది అని అడిగి, గడ్డం కింద వేలు పెట్టింది. పద్మ మాట్లాడలేదు. టీచరమ్మ పెదవుల వైపు చూస్తూ కూర్చుంది, అక్కడికి ఇంకో వేలు వస్తుందని. మళ్లీ అడిగింది. పద్మ మళ్లీ అట్లాగే చూసింది. ఎండకు అలసిపోయింది లే అని అమ్మ అంది. టీచరమ్మ, "ఆగు, వస్తది" అంది గానీ, ఆ మాట పద్మతో అన్నట్టు లేదు.

తర్వాత గురువారం కూడా పద్మకు మాట రాలేదు. ఆ తర్వాత గురువారమూ రాలేదు. ఇంట్లోనూ ఎవరితోనూ మాట లేదు. గడ్డం కింద వేలు పెడితే చాలు, అవతలివాళ్ల మూతి వైపు చూసేది. టీచరమ్మ ఎన్ని రకాలుగా ప్రయత్నించిందో నాకు తెలుసు. వేలు మాని అరచెయ్యి చూపించింది. ఇంకో చోట కూర్చోబెట్టి అడిగింది, ఇంకో వేళకు వచ్చి అడిగింది. ఒకరోజు పద్మ రెండు చేతులూ పట్టుకుని, నాదే తప్పు బిడ్డా, నాదే తప్పు అంటూ ఏడ్చింది. పద్మ ఆమె కన్నీళ్లు తుడిచింది. కోపం ఉన్నా బాగుండేది. పద్మకు ఆమె మీద ఏ కోపమూ లేదు.

పింఛను వచ్చింది. నాన్నకు మందులు వచ్చాయి. నేను చదువు మానలేదు. అమ్మ అడిగింది, టీచరమ్మ చేసింది, తిన్నది నేను. ఇంటరూ డిగ్రీ ఆ మౌనం మీదే చదివాను. మేమడిగితేనే కదా టీచరమ్మా నువ్వు చేసింది అన్న ఒక్క మాట మా ఇంట్లో ఎవ్వరం ఆమెతో అనలేదు. అంటే తప్పు వచ్చి మా వాకిట్లో కూర్చుంటుంది. అమ్మ ఆ మాటకు బదులు కోడిని కోసి వండి పెట్టేది. ఆమె వంక పెట్టకుండా తినేది.

కొన్నాళ్లకు గురువారాలు స్కూటీ చప్పుడు వినబడడం మానేసింది. తిట్లు కూడా లేవు. ఆమె మాత్రం వచ్చేది, వాకిట్లోకి హఠాత్తుగా. బండి ఎక్కడ పెట్టావు టీచరమ్మా అంటే, వాగు కల్వర్టు దగ్గర పెట్టిన, నడిస్తే మంచిదంట అనేది. ఆమెకు నడక అంటే పరమ చిరాకు. నాకు అనుమానం వచ్చింది.

ఒక గురువారం నేను కట్టెలు తీసుకుని పెరటి దారిన వస్తుంటే దడి అవతల ఆమె కనబడింది. హెల్మెట్ చేతిలో పట్టుకుని, వెదురు దడికి చెవి ఆనించి నిలబడి ఉంది. లోపల పద్మ కోళ్లకు నూకలు వేస్తోంది. ఒక పెట్టను ఒళ్లో పెట్టుకుని, దాని ముక్కు కింద వేలు పెట్టి, పేరేంది అంటోంది. కాసేపు ఆగి తనే, "పమ్మ" అంటోంది. రా అంటోంది. వద్దు అంటోంది. నాకు కట్టెల మోపు చేతిలోంచి జారిపోయింది.

ఆ చప్పుడుకు టీచరమ్మ నన్ను చూసింది. మాట్లాడకు అని చెప్పడానికి చెయ్యి పైకి లేచింది, వేలు పెదవుల దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది. ఆ వేలును తనే ఇంకో చేత్తో పట్టుకుని కిందికి దించింది. దించి, నాకు రెండు చేతులూ జోడించింది.

"నేను లోపలికి పోతే ఆగిపోతది బిడ్డా," అంది గొంతు తగ్గించి. "కొంచెంసేపు విననీ."

నేను కూడా ఆమె పక్కన నిలబడి విన్నాను. తర్వాత ఇద్దరం లోపలికి పోయాం. పద్మ ఆమెను చూడగానే సంబరంగా పరుగెత్తుకొచ్చి, చెయ్యి పట్టుకుని, రెండో చేతి వేలు తన పెదవుల మీద పెట్టుకుంది. టీచరమ్మ చెప్పిన పని మర్చిపోలేదని చూపించడానికి.

ఆ తర్వాత పద్మ అమ్మతో మాట్లాడింది, నాతో మాట్లాడింది, నాన్న పోయేముందు నాన్నతో కూడా మాట్లాడింది. టీచరమ్మ ముందు మాత్రం ఒక్క అక్షరం లేదు. తనొస్తే మాట ఆగిపోతోందని ఆమె కొన్నాళ్లు రావడం మానేసింది. అప్పుడు పద్మ గురువారం పొద్దున్నే కల్వర్టు మీద పోయి కూర్చోవడం మొదలుపెట్టింది. ఎండకూ వానకూ లేచేది కాదు. చూసి చూసి అమ్మ నన్ను పంపింది. నేను సెంటర్‌కు పోయాను.

అక్కడ పిల్లల గోల చెప్పనలవి కాదు. ఒకడు పళ్లెం వాయిస్తున్నాడు, ఒకమ్మాయి అదే పనిగా కూతలు పెడుతోంది. టీచరమ్మ మధ్యలో కూర్చుని ఒక పిల్లవాడికి గుండీ పెట్టడం నేర్పుతోంది. నాకు రెండు నిమిషాల్లో తల పగిలిపోయింది. ఒక్కసారి అరిస్తే ఊరుకుంటారు కదా అన్నాను. ఊరుకోబెట్టుడు నాకు చేతకాదు, ఉండనీ అంది. అక్కడ పనిచేసే ఆయా తర్వాత చెప్పింది, ఈమె ఎప్పుడూ ఇంతే, పిల్లల్ని ఒక్కసారైనా ష్ అనగా వినలేదని. పద్మ కల్వర్టు మీద కూర్చుంటోందని చెప్తే ఆమె గుండీ వదిలేసి నా మొహం చూసింది. ఆ గురువారం వచ్చింది. వేరే మండలానికి మార్చాక కూడా వీలైనప్పుడల్లా వస్తూనే ఉంది. దడి అవతల కాసేపు, ఇవతల కాసేపు.

నా షాపుకు సర్టిఫికెట్ల జిరాక్స్ కోసం తల్లులు వస్తారు. పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని, రేపు డాక్టరు దగ్గర గమ్మునుండు అని చెప్పుకుంటారు. నేను ఏమనను? పిల్లలకు అట్లా నేర్పొద్దు అని చెప్పడానికి ఆ పింఛను తిని చదువుకున్నదాన్ని. చెప్పకుండా ఉండడానికి పద్మకు అక్కను. బజారంతటినీ గడగడలాడించే నా నోరు అక్కడ పెగలదు. కాగితాలు ఇచ్చి పంపించేస్తాను.

కిందటి ఎండాకాలం ఆమెకు బాగాలేదని తెలిసి చూడటానికి పోయాను. సత్తుపల్లిలో తమ్ముడి ఇంట్లో ఉంది. మంచం మీద మనిషి ఇంకా చిన్నదైపోయింది. పద్మ కోళ్లతో ఇంకా మాట్లాడుతున్నదా అని అడిగింది. అవ్ అన్నాను. కొత్త మాటలేమన్నా వచ్చినయా అంది. నేను ఒక్కొక్కటే చెప్పాను. బస్సు, సెల్లు, జిరాక్సు, ఊకో అక్కా. ఊకో అక్కా అన్న దగ్గర నవ్వింది. కళ్లు మూసుకుని, ఇంకోసారి చెప్పమంది. ఆ రోజైనా అనాల్సింది, మేమడిగితేనే కదా నువ్వు చేసింది అని. మాట నాలుక దాకా వచ్చింది. ఆమె తమ్ముడు చాయ్ తెచ్చాడు. చాయ్ తాగి వచ్చేశాను.

ఫోన్ వచ్చిన రోజు షాపు మూసి ఊరికి పోయి పద్మతో, టీచరమ్మ దగ్గరికి పోదాం అన్నాను. చనిపోయింది అని చెప్పలేదు. పద్మ కొత్త లంగా ఓణీ తీసుకొచ్చి వేయమంది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. వేశాను.

తమ్ముడి ఇంటి ముందు వసారాలో ఆమెను చాప మీద పడుకోబెట్టారు. నుదుట బొట్టు పెట్టారు. నోరు తెరుచుకోకుండా గడ్డం కింది నుంచి తల మీదికి తెల్లగుడ్డ కట్టారు. పద్మను చూడగానే జనం కొంచెం జరిగారు. పద్మ ముందు తన పెదవుల మీద వేలు పెట్టుకుంది, ఎప్పటిలాగే. కాసేపు అట్లాగే నిలబడింది. టీచరమ్మ కళ్లు తెరవలేదు. పద్మ నెమ్మదిగా పక్కన కూర్చుంది. ఆ గుడ్డను చూసింది. తన పెదవుల మీది వేలు తీసి, ఆ గుడ్డ మీదుగా ఆమె గడ్డం కింద పెట్టింది.

"పేరేంది?" అంది.

గట్టిగా అంది. వసారాలో ఏడుపులు ఆగిపోయాయి. ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు కాబట్టి అది తిరిగి అన్న మాట కాదు. పద్మ అడుగుతోంది. ఆ క్యాంపు తర్వాత ఇన్నేళ్లలో టీచరమ్మ ముందు అదే మొదటి మాట.

ఎవరో పెద్దామె, మంచికే, పద్మ వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టుకుని ష్ అనబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని దించేశాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, ఆమెకు నొప్పి పుట్టింది.

"అననియ్యండి," అన్నాను. "మీకు దండం పెడతా, దాన్ని అననియ్యండి."

పద్మ మా వైపు చూడలేదు. గడ్డం కింద వేలు అట్లాగే ఉంది. ఎదురుచూస్తోంది. ఆ మొహం నాకు తెలుసు. మా ఇంట్లో నేల మీద కూర్చుని, ఎన్ని గురువారాలు పోయినా విసుక్కోకుండా చూసిన మొహం అదే. టీచరమ్మ తమ్ముడికి పాపం జాలి కలిగింది. పద్మ పక్కన గొంతుక్కూర్చుని, మా అక్క పేరు అంటూ చెప్పబోయాడు. పద్మ రెండో చేత్తో అతని నోరు మూసింది.

"ఆగు," అంది. "వస్తది."

ఇంతసేపు రాసి ఆమె పేరు ఎక్కడా రాయలేదేమని అడుగుతారేమో. పాడె ఎత్తేదాకా పద్మ ఆ వేలు తీయలేదు. దానికి చెప్పని పేరు మీకు చెప్పడం నాకు న్యాయంగా అనిపించలేదు. నిన్న గురువారం మళ్లీ కల్వర్టు మీద పోయి కూర్చుంది. అమ్మ అన్నం అక్కడికే తీసుకెళ్లి పెట్టింది.